హా లాంగ్‌లో రాత్రి బస, కయాకింగ్: ఈతరాని కుటుంబానికి ఏ వైపు, ఏ నెల, ఎన్ని రాత్రులు

మీరు అడిగింది ఇది: హైదరాబాద్ నుంచి ఆరుగురు వెళ్తున్నారు. భార్యాభర్తలు, 13, 9 ఏళ్ల పిల్లలు, అరవై దాటిన అమ్మానాన్నలు. వియత్నాంలోని హా లాంగ్ అఖాతంలో ఒక రాత్రి పడవలో ఉండి కయాకింగ్ (తెడ్డుతో నడిపే చిన్న పడవలో తిరగడం), ఈత చేయాలని ఉంది. పెద్దపాపకు తప్ప ఎవరికీ ఈత రాదు. అమ్మానాన్నలు శాకాహారులు. మే సెలవులు మంచివా, దసరానా? ఒక రాత్రి చాలా?

ముందు సూటిగా జవాబు. దసరా అక్టోబరు రెండో సగంలో పడిన ఏడాది అయితే దసరా, లేకపోతే మే. హా లాంగ్ నడిమధ్య దారి కాకుండా దానికి దక్షిణాన ఉన్న లాన్ హా వైపు తిరిగే పడవ తీసుకోండి. అసలు కోరిక కయాకే అయితే రెండు రాత్రులు, పడవ మీద ఒక రాత్రి గడిపితే చాలనుకుంటే ఒక రాత్రి. ఈత రాకపోయినా కయాక్ ఎక్కవచ్చు, కానీ దానికి కొన్ని షరతులున్నాయి. ఇక వివరంగా.

ఒక రాత్రి ప్యాకేజీలో నీటి మీద నిజంగా ఎంతసేపు ఉంటారో లెక్క వేయండి. హనోయిలో పొద్దున 8 గంటల ప్రాంతంలో బస్సు ఎక్కిస్తారు. ఎక్స్‌ప్రెస్ వే మీద రేవుకు రెండున్నర గంటలు. 12, 12.30కి చిన్న పడవలో పెద్ద పడవ దగ్గరికి చేరుస్తారు. భోజనం అయ్యి లంగరు వేసేసరికి మూడు. అప్పుడు కయాక్‌కు నలభై నిమిషాలు, ఈతకు మరో అరగంట. చీకటి పడ్డాక కయాక్‌లు దింపనివ్వరు. రాత్రి భోజనం, పడవ వెనక దీపం కింద స్క్విడ్ గాలం, నిద్ర. పొద్దున ఆరున్నరకు డెక్ మీద తాయ్ చీ, తర్వాత ఒక గుహో గ్రామమో, తొమ్మిదిన్నరకు గది ఖాళీ, పదకొండుకు రేవు. పడవ మీద దాదాపు 23 గంటలు ఉంటారు, అందులో నీళ్లలో గడిపేది గంటన్నర మించదు. రెండు రాత్రులు తీసుకుంటే నడిమి రోజంతా చిన్న పడవలో, పెద్ద పడవలు దూరలేని సందుల్లోకి తీసుకెళ్తారు. పిల్లలకు తెడ్డు చేతికి అలవాటయ్యేది ఆ రోజే. డబ్బు సరిపోకపోతే గది స్థాయి ఒక మెట్టు తగ్గించండి కానీ ఆ నడిమి రోజు వదులుకోవద్దు.

ఏ వైపు వెళ్లాలన్నది పడవ ఎన్ని నక్షత్రాలన్నదానికన్నా ముఖ్యం. అందరూ హా లాంగ్ అని ఒకే మాటగా అంటారు గానీ, నీళ్లు మూడు భాగాలు. నడిమధ్యది హా లాంగ్, 1994లో యునెస్కో జాబితాలోకి వచ్చింది ఇదే. ఈశాన్యాన బాయ్ తూ లాంగ్. దక్షిణాన కాత్ బా ద్వీపాన్ని ఆనుకుని లాన్ హా. కాత్ బా దీవులను 2023లో ఆ వారసత్వ హద్దులో కలిపారు. మధ్య భాగంలో సుంగ్ సాత్ గుహ, తీ తాప్ దీవి ఉన్నాయి. తీ తాప్ పేరు సోవియట్ వ్యోమగామి గెర్మన్ టిటోవ్‌ది, 1962లో ఆయన అక్కడికి వచ్చినప్పుడు పెట్టారు. చూడదగ్గ చోట్లే, కానీ పగటి పడవలు, రాత్రి పడవలు అన్నీ ఒకే గంటలో అక్కడ చేరతాయి. గుహలో వరుసగా నడవాలి, తీ తాప్ పైకి సుమారు 400 మెట్లు. మీ అమ్మానాన్నల మోకాళ్లకు రెండూ సాయం చేయవు. మధ్య భాగంలో ఈతకు అనుమతి ఉన్న తీరాలు కొన్నే, పడవ మీద నుంచి దూకనివ్వరు.

లాన్ హాలో రద్దీ తక్కువ, దీవులు దగ్గర దగ్గరగా ఉంటాయి. గాలికి అడ్డు ఎక్కువ కాబట్టి అలలు తక్కువ. కయాక్‌కు హాంగ్ సాంగ్ తోయ్ అనే చీకటి వెలుగుల గుహ ఉంది. ఈతకు బా చాయ్ దావ్ చిన్న తీరాలున్నాయి. వియత్ హాయ్ గ్రామానికి రేవు నుంచి సైకిల్ మీద కానీ కరెంటు బండిలో కానీ వెళ్లవచ్చు, పెద్దవాళ్లు ఆ బండి ఎక్కితే చాలు. బాయ్ తూ లాంగ్ కూడా ప్రశాంతమే. అక్కడ నీటి మీద తేలే ఊరు వుంగ్ వియెంగ్ దగ్గర స్థానికులు తెడ్డు వేసి నడిపే వెదురు పడవలుంటాయి. ఆ తేలే ఊళ్లలోని కుటుంబాలను 2014లో ఒడ్డుకు తరలించారు. ఇప్పుడు కనిపించేవి చాలావరకు చేపల పెంపకం వలలు, పర్యాటకుల కోసం ఉంచిన ఇళ్లు. అది తెలుసుకుని వెళ్లండి.

బుక్ చేసేటప్పుడు రేవు పేరు వోచర్ మీద రాసి ఇమ్మనండి. త్వాన్ చౌ రేవు వేరు, బాయ్ చాయ్ దగ్గరి హా లాంగ్ అంతర్జాతీయ రేవు వేరు. లాన్ హా పడవలు కొన్ని హాయ్ ఫాంగ్ వైపు నుంచి బయల్దేరతాయి. సొంతంగా ట్యాక్సీ మాట్లాడుకుని వేరే రేవుకు చేరితే పడవ ఆగదు. పడవల ఫొటోలు అన్నీ ఒకేలా ఉన్నాయని కంగారు పడకండి. 2012లో హా లాంగ్ ఉన్న క్వాంగ్ నిన్ ప్రావిన్సు అధికారులు పర్యాటక పడవలన్నిటికీ తెల్లరంగు వేయమన్నారు, చాలా పడవలు తెల్లగా కనిపించేది అందుకే.

ఇప్పుడు నెలల సంగతి. మన బడి సెలవుల ప్రకారం మూడు అవకాశాలు. సంక్రాంతి: ఒడ్డున 15 డిగ్రీల వరకూ పడిపోతుంది, నీళ్లు చల్లగా ఉంటాయి, ఆకాశం బూడిదరంగు. కయాక్ పర్వాలేదు, ఈత కుదరదు. ఫిబ్రవరి, మార్చిల్లో సన్నజల్లు, పొగమంచు. కొండలు వంద గజాల్లో కూడా మసకగా ఉండే రోజులుంటాయి. మే: వేడి, ఉక్క, కానీ నీళ్లు ఈతకు హాయిగా ఉంటాయి, తుపానుల అసలు కాలం ఇంకా మొదలవదు. సాయంత్రం ఉరుముల గాలివాన రావచ్చు. జులై, ఆగస్టు, సెప్టెంబరుల్లో తుపాను వస్తే రేవు మూసేస్తారు. 2024 సెప్టెంబరు 7న వచ్చిన యాగి తుపాను ఈ తీరాన్ని ఎంత దెబ్బతీసిందంటే, రేవులో కట్టేసి ఉన్న పడవలే మునిగిపోయాయి. అక్టోబరు రెండో సగం, నవంబరు అన్నిటికన్నా మంచివి. పొడి గాలి, స్పష్టమైన వెలుగు, నీళ్లు ఇంకా వెచ్చగానే ఉంటాయి. దసరా సెప్టెంబరు ఆఖర్లోనో అక్టోబరు మొదటి సగంలోనో పడితే మాత్రం మేకే మొగ్గండి.

ఏ నెలైనా ఒక నియమం పాటించండి. పడవ రాత్రిని ప్రయాణం చివర్లో, తిరుగు విమానం ముందురోజున పెట్టకండి. గాలి హెచ్చరిక వస్తే బయల్దేరే అనుమతి ఇచ్చేది, ఆపేది రేవు అధికారులు, పడవ యజమాని కాదు. ఒకటి రెండు రోజులు ఆగిపోవడం మామూలే. క్రూజ్‌ను మొదట్లో పెట్టి, వెనక కనీసం ఒక పూర్తి రోజు ఖాళీ ఉంచితే తేదీ జరుపుకోవచ్చు. రద్దయితే డబ్బు వాపసా, తేదీ మార్పా, రేవులో నిలబడి ఉన్న పడవలో బసా అన్నది రాతపూర్వకంగా అడగండి. పడవ బయల్దేరి మధ్యలో వెనక్కు రావాల్సి వస్తే చాలా సంస్థలు పూర్తి డబ్బు ఇవ్వవు.

ఈ సముద్రం గురించి మనవాళ్లకు కొత్తగా అనిపించేది ఆటుపోట్లు. విశాఖ, కాకినాడ తీరాల్లో రోజుకు రెండు పోట్లు (నీళ్లు ఎక్కడం), రెండు పాట్లు (నీళ్లు దిగడం). హా లాంగ్‌లో రోజుకు ఒక్క పోటు, ఒక్క పాటు. నీళ్లు దాదాపు పన్నెండు గంటలు ఎక్కుతూ, పన్నెండు గంటలు దిగుతూ ఉంటాయి. పెద్ద పోట్ల రోజుల్లో తేడా మూడు మీటర్లు దాటుతుంది. అందుకే నిన్న కయాక్ దూరిన గుహ ఇవాళ మూసుకుపోయి ఉండొచ్చు. బ్రోషర్‌లో ఉన్న గుహకు కాకుండా వేరే చోటికి తీసుకెళ్తే గైడ్ మోసం చేశాడనుకోవద్దు, కారణం చాలాసార్లు ఇదే.

పోటు ఏ దశలో ఉందో మీరే చూసి చెప్పవచ్చు. సున్నపురాయి కొండ అడుగుభాగం చూడండి. నీళ్లు కొరికేసి లోపలికి గుంటపడి ఉంటుంది, పుట్టగొడుగు కాడలాగా. ఆ గుంటలో నల్లగా, గరుకుగా ఒక పట్టీ కనిపిస్తుంది, దాన్నిండా ఆల్చిప్పలు అంటుకుని ఉంటాయి. పట్టీ మొత్తం బయటికి కనిపించి తడిగా మెరుస్తుంటే పాటు, నీళ్లు దిగి ఉన్నాయి. పట్టీ మునిగి, కొండ పైభాగం నీటికి ఆనుకుని ఉంటే పోటు. కమాను గుహల్లో లోపలికి వెళ్లేటప్పుడు తలపైన మీటరు కన్నా తక్కువ ఖాళీ ఉండి, నీళ్లు ఇంకా ఎక్కుతుంటే లోపలికి వెళ్లకండి. లోపలి మడుగు ఎంత బాగున్నా బయటికొచ్చే దారి తగ్గుతూ ఉంటుంది. ఇంకొకటి: పోటుకూ పాటుకూ నడిమి గంటల్లో ఇరుకు కమానుల్లో నీళ్లు వాగులా లాగుతాయి. కయాక్ పక్కకు తిరిగి గోడకు కొట్టుకునేది అక్కడే. ఆ ఆల్చిప్పలు చాకులాంటివి, గోడను చేత్తో తోయకండి, తెడ్డుతో తోయండి. మామూలుగా గోడకు రెండు మీటర్ల దూరం పాటించండి. చెయ్యి తెగితే మంచినీళ్లతో బాగా కడిగి పొవిడోన్ అయోడిన్ రాయండి. చిప్ప ముక్క లోపల మిగిలితే చీము పడుతుంది, కాబట్టి వెలుతురులో చూసి తీసెయ్యండి.

కయాక్‌లు ఎక్కువగా ఇద్దరు కూర్చునేవి, పైన కూర్చునే రకం ప్లాస్టిక్ పడవలు. కూర్చునే చోట చిన్న రంధ్రాలుంటాయి, వాటిలోంచి కొంచెం నీళ్లు పైకి వస్తాయి. అది చూసి పడవ మునుగుతోందని కంగారుపడి లేచి నిలబడేవాళ్లే బోల్తా కొడతారు. రంధ్రాలున్నది పైన పడిన నీళ్లు కిందికి పోవడానికే. చూడాల్సింది వెనక చివర ఉండే చిన్న మూత. అది బిగుతుగా లేకపోతే పడవ పొట్టలోకి నీళ్లు చేరి, ఇరవై నిమిషాల్లో బరువెక్కి మాట వినదు. ఎక్కే ముందు చేత్తో తిప్పి చూడండి.

మీ ఆరుగురికీ కూర్పు ఇలా పెట్టండి. మీరూ చిన్నబాబూ ఒకదాంట్లో, మీ భార్యా పెద్దపాపా ఒకదాంట్లో. పిల్లలు ముందు, పెద్దలు వెనక. బరువైనవాళ్లు వెనక కూర్చుంటేనే ముక్కు తేలికై పడవ సూటిగా పోతుంది, తిప్పడం కూడా వెనక నుంచే. ముందువాళ్లు తెడ్డు వేసే లయ నిర్ణయిస్తారు, వెనకవాళ్లు దాన్ని అనుసరిస్తారు. ఇద్దరూ ఎవరికి వారు వేస్తే తెడ్లు తగులుకుంటాయి. తెడ్డు పట్టు చూసుకోవడానికి దాన్ని తలమీద అడ్డంగా పెట్టండి, మోచేతులు లంబంగా వచ్చిన చోటే చేతులుండాలి. తెడ్డు చివరి రేకులో పల్లంగా ఉన్న పక్క మీ వైపుకు ఉండాలి. చేతులతో లాగితే పది నిమిషాల్లో భుజాలు పీకుతాయి, నడుము నుంచి తిరిగి వేయండి. తిప్పాలంటే ఎటు తిరగాలో దానికి ఎదురు పక్కన వెనకవాళ్లు పొడవుగా, వెడల్పుగా అర్ధచంద్రంలా వేయాలి. వెళ్లేటప్పుడు గాలికి ఎదురుగా, వచ్చేటప్పుడు గాలితో ఉండేలా చూసుకోండి. అలసిన చేతులతో ఎదురుగాలిలో రావడం పిల్లలకు కష్టం. అమ్మానాన్నలను వెదురు పడవ ఎక్కించండి. స్థానికులే తెడ్డు వేస్తారు, అదే దారి, అవే గుహలు. కయాక్‌కు బదులు అది అడిగితే చాలా ప్యాకేజీల్లో అదనపు డబ్బు లేకుండా మారుస్తారు, ముందే అడగాలి.

లైఫ్‌జాకెట్ విషయంలో మొహమాటం వద్దు. వేసుకుని పక్క బెల్టులు బిగించి, చేతులు పైకెత్తమనండి. భుజాల దగ్గర పట్టుకుని మీరు పైకి లాగండి. గడ్డం దాటి పైకి వస్తే అది పెద్ద సైజు. నీళ్లలో పడితే జాకెట్ పైకి తేలి, మనిషి కిందికి జారతాడు. తొమ్మిదేళ్ల పిల్లవాడికి పిల్లల సైజు ఉందో లేదో బుకింగ్‌లోనే అడగండి. గాలి ఊదే చేతిపట్టీలు దీనికి బదులు కావు.

బోల్తా పడితే ఏం చేయాలో పడవ ఎక్కే ముందే ఇంట్లో అందరికీ చెప్పండి. మొదటిది, కయాక్‌ను వదలకూడదు. అది మునగదు. రెండోది, తెడ్డు పట్టుకున్నారా సరే, లేకపోతే దాని వెంట పోకూడదు. మూడోది, ఈల ఊది చేయి ఊపడం, గైడ్ వస్తాడు. ఎక్కాలంటే ముందు కయాక్‌ను తిరగేసి నిలబెట్టాలి. ఒకరు ఒక పక్క పట్టుకుని బరువు ఆపుతారు. ఇంకొకరు ఎదురు పక్క నుంచి కాళ్లు నీటికి సమాంతరంగా తేల్చి తన్నుతూ, పొట్టతో అడ్డంగా పైకి పాకి, తిరిగి కూర్చుంటారు. కాళ్లు కిందికి వేలాడదీస్తే అవి కయాక్ కిందికి పోయి ఎంత లాగినా ఎక్కలేరు. ఎక్కువమంది విఫలమయ్యేది ఇక్కడే. మే నెలలో వెళ్తే, పడవ ఎక్కిన మొదటి రోజే లోతు తక్కువగా ఉన్న తీరంలో గైడ్‌ను అడిగి ఒకసారి కావాలనే బోల్తా కొట్టి ఎక్కి చూడండి. ఈత రానివాళ్లకు ఆ పది నిమిషాలు నీటి భయం సగం తగ్గిస్తాయి.

బట్టలు: నూలు నైటీలు, చుడీదార్లు, జీన్స్ తడిస్తే బరువెక్కి కాళ్లకు చుట్టుకుంటాయి. పొడవు చేతుల లైక్రా చొక్కా, లెగ్గింగ్‌లు మంచివి, ఎండకూ పనికొస్తాయి. చెప్పులు వెనక పట్టీ ఉన్నవి. మంగళసూత్రం గొలుసు జాకెట్ లోపలికి దోపుకోవాలి, పైన వేలాడితే తెడ్డుకు తగులుకుంటుంది. వదులు ఉంగరాలు గదిలో పెట్టండి, చల్లనీళ్లలో వేళ్లు సన్నబడి జారిపోతాయి. ఫోన్‌కు మెడలో వేసుకునే నీరుచొరని కవరు, దాన్ని కొనగానే కాగితం ముక్క పెట్టి బకెట్‌లో ముంచి చూడాలి.

ఈతకు ముందు సిబ్బందిని రెండు విషయాలు అడగండి: ఇంజన్ ఆగిందా, నీటి లాగుడు ఎటు ఉంది. నీళ్లు ఆకుపచ్చగా ఉంటాయి, అడుగు కనపడదు. లోతు చాలాచోట్ల 6 నుంచి 10 మీటర్లు, కాబట్టి పడవ పక్కన దిగితే పిల్లల కాళ్లకు నేల అందదు. ఈత రానివాళ్లు ఇసుక తీరం నుంచి దిగడమే మేలు. వేసవిలో జెల్లీ చేపలు కనిపిస్తాయి. కుడితే రుద్దకండి, సముద్రపు నీటితోనే కడగండి, మంచినీళ్లు పోస్తే మంట పెరుగుతుంది.

భద్రత గురించి ఒక మాట స్పష్టంగా. 2025 జులై 19న హా లాంగ్‌లో, 49 మంది ఉన్న పగటి పర్యాటక పడవ ఒక్కసారిగా వచ్చిన ఉరుముల గాలివానలో తిరగబడింది. 30 మందికి పైగా చనిపోయారు. మన గోదావరిలో 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర జరిగింది గుర్తున్నవాళ్లకు ఆ వార్త చదవడమే కష్టం. అది చూసి ప్రయాణం మానుకోనక్కర్లేదు, అలవాట్లు మార్చుకోవాలి. గదిలో చేరగానే సామాను దించకముందే లైఫ్‌జాకెట్లు ఎక్కడున్నాయో తీసి లెక్కపెట్టండి, ఆరుగురికి ఆరు. గది తలుపు నుంచి బయటి మెట్లకు ఎన్ని తలుపులు దాటాలో చీకట్లో కూడా చెప్పగలిగేలా పిల్లలతో నడిపించండి. మధ్యాహ్నం ఆకాశం ఒకవైపు నల్లబడి, గాలి హఠాత్తుగా చల్లగా తిరిగితే గదుల్లో పడుకోవద్దు. అందరూ జాకెట్లు చేతిలో పట్టుకుని, బయటి ద్వారానికి దగ్గరగా ఉన్న హాలులో కూర్చోండి. భద్రతా వివరణ ఇవ్వకుండా బయల్దేరిన పడవలో గైడ్‌ను ఆపి అడగండి.

గది ఎంపికలో, అమ్మానాన్నలకు కింది అంతస్తు సౌకర్యమే కానీ వెనక భాగం వద్దు. లంగరు వేశాక కూడా ఏసీలకు జనరేటర్ రాత్రంతా నడుస్తుంది, దాని మూలుగు అక్కడే ఎక్కువ. ముందుభాగంలోనో, ఒక అంతస్తు పైనో అడగండి. పడవ ఊగి కడుపులో తిప్పుతుందన్న భయం అక్కర్లేదు, దీవుల మధ్య నీళ్లు చెరువులా ఉంటాయి.

శాకాహారం: బుకింగ్‌లో ఒకసారి, రెండు రోజుల ముందు ఒకసారి, ఎక్కగానే మరోసారి చెప్పాలి. వియత్నామీలో 'ఆన్ చై' అంటే శాకాహారం. అది మాత్రమే చాలదు, నూఅక్ మామ్ అనే చేపసాస్, ఆయిస్టర్ సాస్ వద్దని విడిగా చెప్పండి. కూరగాయల వేపుడులో కూడా అవి వేస్తారు. గుడ్డు తింటారో లేదో వేరుగా చెప్పండి. అన్నం, టోఫు, ఆకుకూరలు, పండ్లు తప్పక దొరుకుతాయి. ఆవకాయ, కందిపొడి చిన్న గట్టి డబ్బాల్లో పట్టుకెళ్తే అమ్మానాన్నలకు రెండు పూటలు నిశ్చింత. నీళ్లకు సొంత సీసాలు తీసుకెళ్లండి, 2019 సెప్టెంబరు నుంచి పర్యాటక పడవల్లో ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్‌పై నిషేధం ఉంది.

కాగితాలు: ఈ-వీసా ప్రభుత్వ సైట్‌లోనే చేయండి, ఒకసారి ప్రవేశానికి 25 డాలర్లు, 90 రోజుల వరకు. మన పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు ఒకచోట, పేరు మరోచోట, కొందరికి ఇంటిపేరే ఖాళీ. పాస్‌పోర్టు ఫొటో పేజీ అడుగున బాణం గుర్తులతో ఉన్న రెండు వరుసల్లో ఎలా ఉంటే అలాగే నింపాలి, ఒక్క అక్షరం తేడా వచ్చినా విమానం దగ్గర ఆపవచ్చు. పడవలో రాత్రి బసకు పాస్‌పోర్టు వివరాలు నమోదు చేస్తారు కాబట్టి అసలు పాస్‌పోర్టులు వెంట ఉండాలి, పెద్ద సామాను మాత్రం హనోయి హోటల్‌లో వదిలి, ఒక్కొక్కరికి ఒక చిన్న సంచీతో ఎక్కండి.